మేనేజరుకి పథ్యం

మా అన్నయ్య ఫోను చేశాడంటే ఎక్కడో ఏదో కొంప మునిగిందని అర్థం. ఊరికే కబుర్లకి ఫోను చేసే రకం కాదు. నేను చేస్తే ఎత్తుతాడు, "ఊఁ" అంటాడు, "బానే ఉన్నాను" అంటాడు, "ఉంటాను మరి" అని పెట్టేస్తాడు. అలాంటి మనిషి ఆ రోజు పొద్దున్నే తనంతట తను ఫోను చేసి, "మేనేజరుకి విరేచనాలు. తగ్గట్లేదు" అన్నాడు.

పక్కనే పేపరు చదువుకుంటున్న మా ఆయన చెవిన ఆ మాట పడింది. "వాళ్ళ మేనేజరుకి విరేచనాలైతే నీకు చెప్పడమేంటి? నువ్వేమన్నా డాక్టరువా?" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో మా అన్నయ్య కుక్క పేరేమిటో ఆ మహానుభావుడి తలకెక్కలేదు.

మేనేజరంటే కుక్క. అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చాలా ఏళ్ళ క్రితం ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు అడుగున ఉండే గుంట శుభ్రం చేయడానికి దిగితే, ఆ నూనె మడ్డిలో, చిత్తుకాగితాల మధ్య పిల్లకూన ఒకటి కూర్చుని ఉందట. పైకి తెచ్చి వదిలేస్తే పోలేదు. తను పని చేస్తున్నంతసేపూ ఎదురుగా కూర్చుని చూసి, చెయ్యి ఆగితే ఒక అరుపు అరిచేదట. తోటి పనివాళ్ళు మేనేజరన్నారు, ఆ పేరే ఖాయమైపోయింది. ఇప్పుడది ముసలిదైంది. మూతి తెల్లబడింది, మెట్లెక్కాలంటే ఆలోచిస్తుంది. పని చేయించే ఆ చూపు మాత్రం మారలేదు.

మా అన్నయ్యని నోట్లో నాలుక లేని మనిషంటారు అందరూ. నేననను. నాలుక ఉంది, దాన్ని కదిలించడానికి బద్ధకం. ఉద్యోగంలో తను పలికే అతి పెద్ద మాట ఒకటుంది. లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుపోతే బయటనుంచి తలుపు మీద తట్టి, "కంగారుపడకండి, నేనిక్కడే ఉన్నాను, తీస్తున్నాను" అంటాడు. ఎంత మెత్తగా అంటాడో నేనొకసారి దగ్గరుండి విన్నాను. లోపల ఎవరో ఆడమనిషి వెక్కివెక్కి ఏడుస్తున్నది కాస్తా ఠక్కున ఆగిపోయింది. ఆ మెత్తదనం ఇంట్లోవాళ్ళకి మాత్రం దొరకలేదు. వదిన పాపం చాలాకాలం ఓర్చుకుంది. కొట్టడు, తిట్టడు, తాగడు, ఏమని ఫిర్యాదు చేస్తుంది? "ఈ ఇంట్లో నేను మాట్లాడితే నా గొంతు నాకే తిరిగొస్తోంది" అని నాతో చెప్పి, ఒకరోజు పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. ఈయనగారు ఆ పెట్టెని కిందదాకా మోసుకెళ్ళి రిక్షాలో పెట్టాడు. అంతే, ఒక్క మాట లేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పటినుంచీ ఆయనా, ఆ కుక్కా. మా ఇంటికి వచ్చెయ్యి, ఒక గది ఖాళీగానే ఉంది కదా అని ఎన్నిసార్లు పోరానో లెక్కలేదు. మా ఆయనకి కుక్క వెంట్రుక పడదు, దగ్గు అందుకుంటుంది. కుక్కని వదిలి అన్నయ్య రాడు. కాబట్టి ఆ కుక్క మీద నాకు పెద్ద ప్రేమేమీ లేదని దాపరికం లేకుండా చెబుతున్నాను. కానీ ఆ రోజు ఫోనులో, "తగ్గట్లేదు" అన్న తర్వాత అన్నయ్య పెట్టెయ్యలేదు. కాసేపు ఊపిరి చప్పుడే వినపడింది. ఆ తర్వాత, "నువ్వొకసారి రాగలవా?" అన్నాడు. మా అమ్మ పోయినప్పుడు కూడా నన్ను రమ్మని అడగని మనిషి. నేను వెంటనే సంచిలో నాలుగు చీరలు కుక్కుకున్నాను.

వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. రెండు గదుల ఇల్లు, ఒక వంటిల్లు, వెనక సన్నటి బాల్కనీ. గుమ్మంలోంచే ఫినాయిలు వాసన గుప్పుమంది. నేలంతా పాత పేపర్లు పరిచి ఉన్నాయి. బాత్రూము ముందు గోనెపట్టా మీద మేనేజరు పక్కకి ఒరిగి పడుకుని ఉంది. నన్ను చూసి తోక ఒకసారి నేలకి కొట్టి ఊరుకుంది. దాని పక్కనే ఒక తలగడ. ఎవరిదా అని చూస్తే అన్నయ్యది. మంచం మీద పరుపు పరిచింది పరిచినట్టే ఉంది, మనిషి అక్కడ పడుకుని చాలా రోజులైనట్టుంది.

"డాక్టరుకి చూపించావా?"

"చూపించాను."

"ఏమన్నారు?"

"మాత్రలు, ఒక పొడి ఇచ్చారు. పథ్యం చెప్పారు." ఆగాడు. నేను చూస్తూ నిలబడితే తప్పక మిగతాది బయటపెట్టాడు. "వయసైపోయింది. నీళ్ళు నిలవకపోతే ఎక్కువ రోజులు తట్టుకోలేదన్నారు."

ఆ మాట చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయాడు. అక్కడ చూడాలి ఆయనగారి వైద్యం. లిఫ్టు ఆగిపోతే లోపం ఎక్కడుందో కనుక్కోవడానికి వాళ్ళకొక పద్ధతి ఉంటుందట. ఒక్కొక్క తీగా ఊడదీసి చూడటం, ఏది తీస్తే లోపం పోతుందో అదే దోషి. కుక్క పొట్టకీ అదే పద్ధతి పెట్టాడు. మొదట పాలు ఆపాడు. తగ్గలేదు. గుడ్డు ఆపాడు. తగ్గలేదు. బ్రెడ్డు, మాంసం, దుకాణంలో కొనే గుళికలు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆపుకుంటూ వచ్చాడు. చివరికి ఉడికించిన అన్నం మెతుకులు తప్ప దాని గిన్నెలో ఏమీ మిగల్లేదు. అయినా తగ్గలేదు. "ఇంక ఆపడానికేమీ లేదు చెల్లాయ్" అన్నాడు. అన్నీ విప్పేసి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డ మనిషి ముఖం అది.

నేను ముగ్గురు పిల్లల్ని పెంచినదాన్ని. విరేచనాలు నాకు కొత్తకాదు. చీర కొంగు నడుముకి బిగించి పనిలోకి దిగాను. కాచి చల్లార్చిన నీళ్ళలో డాక్టరుగారిచ్చిన పొడి కలిపి, గిన్నెడు ఒక్కసారే పెట్టకుండా కాసిన్ని కాసిన్ని తాగించాను. గటగటా తాగితే గటగటా కక్కుకుంటుంది, మనుషులంతే, కుక్కలంతే. కొంత సమయం పొట్ట ఖాళీగా ఉంచి, ఆ తర్వాత బియ్యం మామూలుకంటే మెత్తగా ఉడికించి, చర్మం తీసిన కోడిమాంసం విడిగా ఉడకబెట్టి, చేత్తో నలిపి అందులో కలిపాను. ఉప్పు లేదు, నూనె లేదు, ఉల్లిపాయ దగ్గరికే రానివ్వలేదు. రెండు చెంచాలు పెట్టడం, చూడటం, మళ్ళీ రెండు చెంచాలు. డాక్టరు చూపించారని అన్నయ్య మధ్యమధ్య దాని మెడ మీద చర్మం పట్టుకుని పైకి లాగి వదిలేవాడు. వెంటనే వెనక్కి సర్దుకుంటే ఒంట్లో నీరున్నట్టు. అది నెమ్మదిగా వెనక్కి వెళుతుంటే అన్నయ్య ముఖం పాలిపోయేది.

ఆ రోజు తను పనికి వెళ్ళలేదు. కుక్క పక్కనే కూర్చున్నాడు. సాయంత్రానికి దానికి కాస్త కుదుటపడింది. మర్నాడు కూడా సెలవే, ఇంకా బాగుంది, లేచి గుమ్మందాకా వచ్చి నా వంటని పర్యవేక్షించింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాతి రోజు ఎక్కడో ఆసుపత్రిలో లిఫ్టు ఆగిపోయిందని కబురొస్తే తప్పనిసరిగా వెళ్ళాడు. నేను పెట్టింది అదే అన్నం, అదే కోడి, అదే నీళ్ళు. సాయంత్రానికి మళ్ళీ మొదటికి వచ్చింది. నాకు తల ప్రాణం తోకకి వచ్చింది.

రెండు రోజులు ఇదే తంతు. తను ఇంట్లో ఉంటే తగ్గుతుంది, పనికి వెళితే తిరగబెడుతుంది. నేను గంభీరంగా ఆలోచించి, "దానికి బెంగ అన్నయ్యా. నువ్వు లేకపోతే పొట్ట చెడుతోంది" అని తేల్చేశాను. పెద్ద డాక్టరమ్మని కదా. అన్నయ్య కుక్క వైపు చూశాడు. ఆ చూపులో బాధా ఉంది, కాస్త సంతోషమూ ఉంది, రెండూ దాచుకోవడం చేతకాలేదు. మెల్లిగా, "అయితే పని మానేస్తాను" అన్నాడు.

ఆ పనొక్కటే ఆయన్ని మనుషుల మధ్యకి తీసుకెళుతుంది. అదీ మానేస్తే ఆ రెండు గదుల్లో, ఆ గోనెపట్టా పక్కన, ఇంక బయటి మొహం చూడడు. ఆ తర్వాత కుక్క ఉన్నా కష్టమే, పోయినా కష్టమే. "ఒక్క రోజు ఆగు, రేపు నేను కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తాను, ఆ తర్వాత నీ ఇష్టం" అని బతిమాలుకున్నాను. సరేనన్నాడు. పొద్దున్నే పనిముట్ల సంచి భుజాన వేసుకుని, గుమ్మంలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి వెళ్ళాడు.

మధ్యాహ్నం భోజనం చేసి, ఉతికిన పాతగుడ్డలు ఆరేద్దామని బాల్కనీ వైపు నడిచాను. తలుపు ఓరగా తీసి ఉంది. మేనేజరు లోపల లేదు. లేచి నిలబడటమే గగనమైన జంతువు, బాల్కనీలో ఇనుప చువ్వల దగ్గర బుద్ధిగా కూర్చుని తోక ఊపుతోంది. మా బాల్కనీకీ పక్కింటి బాల్కనీకీ మధ్య గోడ లేదు, చువ్వలే అడ్డం. ఆ చువ్వల సందులోంచి ఒక చెయ్యి ఇవతలికి వచ్చి ఉంది. ముడతలు పడ్డ చెయ్యి. వేళ్ళ మధ్య పాలలో నానబెట్టిన బిస్కెట్టు, చుక్కలు చుక్కలుగా కారుతోంది. అటువైపు నేల మీద గిన్నెడు పాలు.

ఇంకేముంది, నా నోరు లేచింది. "ఏమండీ, మీకేమన్నా మతి ఉండే చేస్తున్నారా? చచ్చేట్టున్న జంతువుకి పాలు పోస్తారా? రోజూ కడిగి కడిగి మా చేతులు అరిగిపోయాయి, ఇక్కడ మీరు తాపీగా కూర్చుని మేపుతున్నారా?" అని ఏకబిగిన కడిగేశాను. ఆ చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. అటువైపు పొట్టి కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. తెల్లటి జుట్టు, లావు కళ్ళద్దాలు, ఒడిలో బిస్కెట్ల పొట్లం. పెద్దావిడ అని చూసి నేను కాస్త తగ్గాను. కాస్తే.

"దానికి ఒంట్లో బాలేదా?" అంది.

"పొట్ట చెడి ప్రాణం మీదకొచ్చింది. మీకు తెలియదా?"

"తెలియదమ్మా. నీ తోడు, తెలియదు. బాల్కనీలో దాని గిన్నెలో తిండి రోజురోజుకీ తగ్గిపోతుంటే... పాలు బంద్, గుడ్డు బంద్ అని మీ అన్నయ్య దానితో అంటుంటే, ఆయనకి ఉద్యోగం పోయిందనుకున్నాను. ఈమధ్య ఇంట్లోనే ఉంటున్నారు కూడాను. పాపం, నోరులేనిది మాడిపోతోందని ఇంకాస్త ఎక్కువ పెట్టాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్కడ ఆయన ఆపినకొద్దీ ఇక్కడ ఈవిడ పెంచుకుంటూ పోయింది. అన్నయ్య ఊడదీసిన ప్రతి తీగనీ చువ్వల అవతలనుంచి ఈవిడ మళ్ళీ తగిలించింది. ఇంక లోపం ఎలా దొరుకుతుంది?

ఆవిడ సంగతి నాకు ముందే కొంత తెలుసు. పక్కింటావిడ అని అన్నయ్య ఒకే ఒక్కసారి ప్రస్తావించాడు. కొన్నేళ్ళ క్రితం, కుక్క పగలంతా అరుస్తోందని బిల్డింగు సెక్రటరీకి ఫిర్యాదు చేసింది ఈవిడే. అప్పటినుంచీ అన్నయ్య ఆవిడ వైపు తలెత్తి చూసింది లేదు. ఆ ఫిర్యాదు వచ్చిన సాయంత్రం మేనేజరుని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పగలు అరవకూడదని చెప్పాడట. మర్నాటినుంచీ అది అరవడం మానేసింది. "చెప్పాను, విన్నది" అని నాకు ఫోనులో గొప్పగా చెప్పుకున్నాడు. తన జీవితంలో తన మాట ఒకరు విన్నారని గొప్పలు పోవడం అదే మొదటిసారి.

ఆ సంగతి ఎత్తితే, "ఎందుకు విన్నదో నాకు తెలుసు" అంది ఆవిడ. "ఫిర్యాదు చేసిన మర్నాడు కూడా అరుస్తుంటే, రెండు తిట్లు తిడదామని బాల్కనీలోకి వచ్చాను. నన్ను చూసి ఆపేసింది. లోపలికి వెళితే మళ్ళీ మొదలుపెట్టింది. సరే, కాసేపు కూర్చుందామని కుర్చీ వేసుకున్నాను. అంతే. అప్పటినుంచీ రోజూ మధ్యాహ్నం ఇక్కడే. నన్ను చూస్తే లేచి నిలబడుతుందమ్మా. ఇంకెవరు లేస్తారు నన్ను చూసి?"

నేను గుడ్డలు తీగ మీద వేసి అక్కడే కూలబడ్డాను. కోపం ఎటు పోయిందో తెలియదు. "పిన్నిగారూ, మీరొక్కరే ఉంటారా?" అని అడిగాను.

ఒక్కతే. టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరుగా పని చేసి రిటైరైంది. ఒకప్పుడు ఊళ్ళ మధ్య ఫోను మాట్లాడాలంటే ఆవిడలాంటివాళ్ళు తీగలు కలిపితేనే కలిసేది. ఎవరెవరి మాటలో చెవిలో పడుతూనే ఉండేవట. "వినపడినా మధ్యలో నోరు తెరవకూడదు, విన్నది బయట చెప్పకూడదు. అది మా రూలు. ఆ అలవాటే మిగిలింది" అని కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తుడుస్తూ, నా వైపు చూడకుండా, "మీ అన్నయ్యగారివి కూడా వింటాను" అంది.

"మా అన్నయ్యవా? ఆయనేం మాట్లాడతాడు వినడానికి?"

"అయ్యో, ఎందుకు మాట్లాడరు? రోజూ సాయంత్రం ఇక్కడ కూర్చుని దానికి అన్నీ చెబుతారు. ఏ భవనంలో ఏ లిఫ్టు ఆగిందో, ఎవరు ఇరుక్కున్నారో, దుకాణంవాడు ఏమన్నాడో. ఎంత బాగా చెబుతారో. ఆయనకి కనపడకుండా నేను మా తలుపు లోపల కుర్చీ లాక్కుని కూర్చుంటాను. నీ సంగతులూ చెబుతారు. చెల్లాయి నువ్వేగా? నీ మోకాలికి ఆపరేషనైనప్పుడు ఆయన రెండు రాత్రులు కన్ను మూయలేదు. ఫోను తీసి ఏం మాట్లాడాలో తెలియక పెట్టేశాను అని దానితో అన్నారు."

ఆపరేషనైన వారానికి నేనే ఫోను చేసి, తోబుట్టువు బతికిందో చచ్చిందో కనుక్కోవా అని చెడామడా తిట్టాను. "ఊఁ" అన్నాడు. "ఉంటాను మరి" అన్నాడు. ఆ రెండు మాటల వెనక రెండు రాత్రులున్నాయని నాకు తెలియలేదు. ఒక పరాయి మనిషికి, ఒక ముసలి కుక్కకి తెలుసు. నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు కుక్క మీద అసూయ కూడా వచ్చింది. ఆ కబుర్లలో నాలుగోవంతు వదినకి దొరికి ఉంటే ఆవిడ ఇవాళ ఆ వంటింట్లో ఉండేది.

"ఈమధ్య ఆయన ఇక్కడికి రావడం లేదు" అంది పక్కింటావిడ. "సాయంత్రాలు గడవట్లేదమ్మా."

అన్నయ్య వచ్చాక పాల సంగతి, బిస్కెట్ల సంగతి చెప్పాను. ఆవిడ వింటుందన్న సంగతి చెప్పలేదు. చెబితే సిగ్గుతో చచ్చిపోయి, తెరుచుకున్న ఆ ఒక్క నోరూ మూసేస్తాడు. పనిముట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

"రోజూనా?" అన్నాడు చివరికి.

"రోజూ. ఏళ్ళ తరబడి. అది అరవడం మానేసింది కూడా ఆవిడ వచ్చి కూర్చున్నందుకు, నువ్వు చెప్పినందుకు కాదు."

ఈ రెండో మాట అనకుండా ఉండాల్సింది. ముఖం చిన్నబోయింది. ఎంతకాలంగానో దాచుకున్న ఒకే ఒక్క గొప్పని చేతిలోంచి లాక్కున్నట్టయింది. ఒళ్ళో సంచి పక్కన పెట్టి, "పాలు పెట్టొద్దని ఆవిడకి చెప్పు" అన్నాడు.

"నేను చెప్పాను. నువ్వూ చెప్పాలి. రేపో ఎల్లుండో నేను వెళ్ళిపోతాను. ఆ తర్వాత ఇక్కడ ఉండేది మీరిద్దరే."

లేచాడు. మేనేజరుని చేతుల మీద ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. అటువైపు ఆవిడ ఆరిన బట్టలు తీస్తోంది. ఈయనని చూసి అలాగే నిలబడిపోయింది. అన్నయ్య కుక్కని కింద దించి, దాని ఎదురుగా కూర్చుని, గొంతు సవరించుకున్నాడు. నేను తలుపు చాటున నిలబడ్డాను.

"చూడు మేనేజరూ" అన్నాడు. "నీ పొట్ట చెడింది పాల వల్ల. ఎవరు పెట్టినా ముట్టుకోకు. మెత్తటి అన్నం, ఉడికించిన కోడి, అంతే. ఉప్పు కూడా వద్దు."

నేను నెత్తి కొట్టుకున్నాను. ఆవిడ ఒక క్షణం తడబడి, తీసిన బట్టలు భుజాన వేసుకుని చువ్వల దగ్గరికి వచ్చింది. "ముందే చెబితే నేను పెట్టేదాన్నా మేనేజరూ?" అంది కుక్కతోనే. "నీ తిండి ఎందుకు తగ్గించారో నాకెవరు చెప్పారు?"

"డాక్టరు తగ్గించమన్నారు" అన్నాడు అన్నయ్య, కుక్క చెవులు నిమురుతూ.

"ఆ డాక్టరుగారు నాతో చెప్పలేదుగా."

మేనేజరు ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసింది. ఎవరికి జవాబివ్వాలో తేల్చుకోలేక ఆవలించింది. అన్నయ్య నేల మీద గోరుతో గీస్తూ చాలాసేపు కూర్చున్నాడు. "మధ్యాహ్నం తిండి గిన్నెలో సర్ది ఇక్కడ చువ్వల పక్కన పెట్టి వెళతాను" అన్నాడు. "ఒక్కసారే అంతా తినకూడదు. ఎవరైనా కొంచెం కొంచెంగా పెడితే బాగుంటుంది."

"పెడతారులే" అంది ఆవిడ.

మా వంశంలో ఇంత పెద్ద సంభాషణ ఇంతకుముందు జరగలేదు. ఆ మర్నాటినుంచీ మధ్యాహ్నం పూట తిండి బాధ్యత పక్కింటావిడది. ఆవిడ చెంచాతో కొలిచినట్టు పెట్టేది, తిన్నాక గిన్నె కడిగి ఇవతలికి తోసేది. పాలు పోవడంతో పొట్ట దారికొచ్చింది. మొదట నీళ్ళు నిలిచాయి, తర్వాత తిండి నిలిచింది. మెడ మీద చర్మం లాగి వదిలితే చటుక్కున సర్దుకునేది. ఇంట్లో ఫినాయిలు వాసన పోయింది. అన్నయ్య తలగడ మళ్ళీ మంచం మీదకెక్కింది. పొద్దున్నే పనికి వెళుతూ వెనక్కి తిరిగి చూడటం మానేశాడు.

కుక్కకి నయమయ్యాక నేనుండి చేసేదేముంది? ఇంట్లో మా ఆయన రోజూ బయటి భోజనం తిని సణుగుతున్నాడు. మర్నాటి బస్సుకి టిక్కెట్టు తెప్పించుకున్నాను. ఆ మాట చెబితే అన్నయ్య, "ఊఁ" అన్నాడు. నాకు కోపం రాకపోతే ఆశ్చర్యపోవాలి. ఇన్ని రోజులు చాకిరీ చేసినందుకు ఇంకో రెండు రోజులుండమని నోటిమాటకైనా అనలేదు కదా అని గిన్నెలు ఎత్తి పడేస్తూ తోముతున్నాను.

అప్పుడే అన్నయ్య కుక్క గిన్నె పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. కాసేపటికి మాటలు వినపడ్డాయి. ఎవరితోనా అనుకున్నాను, ఆ గొంతు అంత కొత్తగా ఉంది. "ఇవాళ ఆసుపత్రి లిఫ్టు మళ్ళీ ఆగింది" అంటున్నాడు. "లోపల ఒక పెద్దాయన, చేతిలో అరటిపళ్ళ సంచి. ఎవరో రోగికి తెచ్చినట్టున్నాడు. తలుపు తీసేసరికి సంచి ఖాళీ. అంత ఆకలేసిందా తాతగారూ అంటే, ఆకలి కాదు, భయమేస్తే తింటాను అన్నాడు. నాకు నవ్వాగలేదు. కానీ పాపం ఆయన ఎదురుగా ఏం నవ్వుతాం? ఇంటికి తెచ్చాను ఆ నవ్వుని." నిజంగానే నవ్వాడు. నా అన్నయ్య అలా నవ్వుతాడని నేను మర్చిపోయాను.

చువ్వల అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది. నేను కుళాయి కట్టేశాను.

కుక్క గిన్నె నాకుతున్న చప్పుడొక్కటే. తర్వాత అన్నయ్య గొంతు తగ్గించి అన్నాడు: "నువ్వు కూడా ఒట్టి తొందరమనిషివి మేనేజరూ. ఇంకో నాలుగు రోజులు ఆగి కోలుకుంటే నీ సొమ్మేం పోయేది? నీకు తగ్గిందో లేదో, చెల్లాయి టిక్కెట్టు తెప్పించుకుంది. రేపు వెళ్ళిపోతుంది. ఉండమంటే ఉంటుందేమో. ఎలా అనాలో నాకు తెలిసి చావదు."

సబ్బు చేతులతో అలాగే నిలబడిపోయాను. అవతల కుర్చీలోంచి కూడా ఏ చప్పుడూ లేదు. వినపడినా మధ్యలో నోరు తెరవకూడదన్న రూలు ఆ పూట నేనూ పాటించాను. కళ్ళు మాత్రం తుడుచుకున్నాను. సబ్బు పడి ఇంకా మండాయి.

అన్నయ్య లోపలికి వచ్చి, అద్దంలా నాకేసిన గిన్నెని తొట్టిలో పెట్టాడు. వెనకాలే మేనేజరు వచ్చింది. మూతి నాక్కుంటూ, తోకతో తలుపుని టపటపా కొడుతూ, ఇంకేమన్నా ఉందా అన్నట్టు నా కాళ్ళ చుట్టూ తిరిగింది.

"బస్సెన్నింటికి?" అన్నాడు.

"రేపు వెళ్ళట్లేదు."

"ఏం?"

"దీనికింకా పూర్తిగా తగ్గలేదు కదా" అన్నాను, గిన్నె తోముతూ.

అన్నయ్య వంగి కుక్కని చాలాసేపు పరీక్షగా చూశాడు. అది ముందుకాళ్ళు రెండూ ఎత్తి ఆయన మోకాళ్ళ మీద వేసింది.

"అవును" అన్నాడు. "ఇంకా నీరసంగానే ఉంది."